తెరమీది పాఠము

ఈ కాలపు విద్యార్థికి పాఠములో ఒక విషయము బోధపడనప్పుడు అతని చేయి పుస్తకపు పుటలను తిప్పుటకు ముందే ఫోనును వెదకుచున్నది. కిరణజన్య సంయోగక్రియ కానిండు, వర్గసమీకరణము కానిండు, దానిని పది నిమిషములలో పరిచయము చేయు వీడియోలు పదులకొలదిగా సిద్ధముగా ఉన్నవి. వానిలో మంచివి గలవు. గుండె కవాటములు తెరచుకొని మూసుకొనుటను గాని, కణవిభజనలో క్రోమోజోములు రెండు ధ్రువములకు మరలిపోవుటను గాని సుద్దముక్కతో కన్నులకు గట్టించగల ఉపాధ్యాయుడు అరుదు. కనుక ఈ పాఠములను ఆటవస్తువులని తీసిపారవేయుట తగదు. అయితే వీనిని చూచిన బాలుడు నేర్చుకొనుచున్నది ఎంత, నేర్చుకొంటినని అనుకొనుచున్నది ఎంత అను ప్రశ్న మిగిలియే యున్నది. ఉపాధ్యాయులును విద్యార్థులును కూడ దీనిని గూర్చి ఆలోచింపవలసియున్నది.

చలనచిత్రము వచ్చినది గనుక బడిలో పుస్తకములకు కాలము చెల్లుననియు, పదేండ్లలో విద్యావిధానమే పూర్తిగా మారిపోవుననియు 1913లో థామస్ ఎడిసన్ జోస్యము చెప్పెను. పదేండ్లు గడచినవి, నూరేండ్లును గడచినవి. పిల్లవాని పుస్తకముల సంచి బరువు పెరిగినదే గాని తరుగలేదు.

మన తెలుగు పల్లెలకు తెరమీది పాఠము క్రొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, సరిగా ఏడాది పాటు, అమెరికా ఉపగ్రహమైన ఏటీఎస్-6 సాయముతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని రమారమి 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు ప్రసారమైనవి. 'సైట్' అను పొట్టిపేరుతో ప్రసిద్ధమైన ఆ ప్రయోగములో ఉదయపు వేళ బడిపిల్లలకు కేటాయింపబడినది. ఆ కాలమును హిందీ, కన్నడము, ఒరియా, తెలుగు భాషలు పంచుకొన్నవి. కోళ్లదొడ్లకు కట్టు ఇనుప వలతో అల్లిన గొడుగువంటి ఆంటెన్నా ఆకాశమునుండి బొమ్మను దింపెడిది. ఆ ఏడాదిలోనే వేలాది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణయు ఇచ్చిరి. పిల్లల యెదుట తెరను నిలిపినంతమాత్రమున పని తీరదని, దాని ప్రక్కన ఉపాధ్యాయుడు కూడ సిద్ధముగా నిలువవలెనని ఆనాటి ప్రణాళికకర్తలు గ్రహించిరన్నమాట. కాని నాటి తెరకు ఒక లోపముండెను. అది ఆగుమన్న ఆగదు, మరల చెప్పుమన్న చెప్పదు.

ఆ లోపము నేడు తీరినది. నా దృష్టిలో వీడియో పాఠములో నిజముగా క్రొత్తది ఇదొక్కటే. అమెరికాలో సల్మాన్ ఖాన్ అను యువకుడు 2004లో దూరముననున్న తన బంధువుల బాలికకు లెక్కలు చెప్ప మొదలిడి, 2006లో ఆ పాఠములను యూట్యూబులో నుంచెను. ఆ పిల్లలు తాను స్వయముగా చెప్పుటకంటె తన వీడియోలే మేలనిరని ఆయనయే నవ్వుచు చెప్పుకొన్నాడు. కారణము స్పష్టమే. అర్థముకాని చోట ఆపుకొనవచ్చును, పదిమార్లు వెనుకకు త్రిప్పవచ్చును, "ఇంత మాత్రము తెలియదా" యని విసుగుకొనువాడు ఎదుట నుండడు. వెనుకబల్లమీద సిగ్గుతో తలవంచుకొని కూర్చుండు పిల్లవానికి ఇది చిన్న వరము కాదు.

మన ప్రభుత్వములును ఈ దారినే నడచినవి. 2020లో కోవిడ్ కారణమున బడులు మూతపడినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరిలోను టీ-శాట్‌లోను పాఠములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానెలు ఆ పని చేసినది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన ట్యాబులను పంచిరి. సామగ్రికి కొదువ లేదు. కొదువ మరియొకచోట నున్నది.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయములో డెరెక్ ముల్లర్ అను పరిశోధకుడు 2008లో సమర్పించిన సిద్ధాంతవ్యాసము దీనిని చక్కగా బయటపెట్టినది. ఆయన భౌతికశాస్త్ర విద్యార్థులకు బలమును, చలనమును గూర్చి ముందుగా ఒక పరీక్ష పెట్టి, ఆ తరువాత వీడియో చూపి, మరల అదే పరీక్ష పెట్టెను. కొందరికి చూపిన వీడియోలో శాస్త్రవిషయము సూటిగా, స్పష్టముగా వివరింపబడినది. చూచినవారు చాల బాగున్నదనిరి, సులభముగా అర్థమైనదనిరి. వారి మార్కులు మాత్రము 26కు సగటున ఆరు ఉండగా, చూచిన పిదపను ఇంచుమించు ఆరుగానే నిలిచినవి! మరికొందరికి చూపిన వీడియోలో ఇద్దరు సంభాషించుదురు. అందొకడు సామాన్యముగా పిల్లలు పడు పొరపాటునే పలుకును, రెండవవాడు దానిని ప్రశ్నించి సరిదిద్దును. ఇది కొంత తికమకగా నున్నదని చూచినవారు చెప్పిరి. వారి మార్కులు దాదాపు పదకొండుకు పెరిగినవి.

ఇట్లేల జరిగినదో ఒక ఉదాహరణముతో చూతము. బంతిని నిట్టనిలువుగా పైకి విసరితిమి. అది చేతిని వీడి పైకి పోవుచున్నప్పుడు దానిపై పనిచేయు బలము ఎట్టిది? చేతి బలము బంతిలో నుండి పైకి త్రోయుచున్నదని, అది తరిగి తరిగి పోగా బంతి క్రిందకు వచ్చునని మనలో పలువురి ఊహ. గాలి నిరోధమును లెక్కింపకున్నచో, చేతిని వీడిన క్షణమునుండి బంతిపై పనిచేయునది భూమ్యాకర్షణ ఒక్కటియే. పైకి పోవునప్పుడును, శిఖరమున క్షణము నిలిచినట్లు తోచినప్పుడును, దిగునప్పుడును అదే, అదియు క్రిందివైపునకే. స్పష్టమైన వీడియో ఈ మాటనే చెప్పును. కాని బాలుని మనస్సు ఖాళీ పలక కాదు. అందు ముందే ఒక సమాధానము వ్రాయబడియున్నది. అతడు వీడియోను విని, తాననుకొన్నదే అది చెప్పినదని తృప్తితో లేచును. తన తప్పు ఎదుటికి వచ్చి నిలిచిననే గాని అతడు దానిని విడువడు.

తెలుగు పిల్లవానికి ఈ చిక్కు మరింత గట్టిది. మన వాడుకలో 'బలముగా విసిరినాడు' అందుము, బలము విసిరినవాని కండలలోనుండి బంతిలోనికి ప్రవేశించినట్లే ఆ మాట ధ్వనించును. 'బరువు' అను ఒక్క మాటతో ద్రవ్యరాశిని, భారమును రెండింటిని సరిపెట్టుకొందుము. వడి వేరు, వేగము వేరు అని పాఠ్యపుస్తకము చెప్పును, వీధిలో రెండును ఒక్కటే. ఇంతలో తెలుగు వీడియో అని పేరుపెట్టుకొన్నది "ఫోర్స్, మాస్, వెలాసిటీ" అని సాగిపోవును, క్రియాపదములు మాత్రమే తెలుగువి. పుస్తకములో త్వరణమని చదివినవాడు తెరమీద యాక్సిలరేషన్ అని విని, అవి రెండు వేరు విషయములని అనుకొనిన అది అతని తప్పా? ఇటీవలి సంవత్సరములలో రెండు తెలుగు రాష్ట్రముల వారును తెలుగు, ఇంగ్లీషు రెంటిలోను అచ్చువేయించిన ద్విభాషా పుస్తకములు ఈ పనికి అక్కరకు వచ్చును. వీడియో చూచునప్పుడు ఆ పుస్తకము తెరచి ప్రక్కన నుంచుకొనువారు ఎందరో మరి.

ఇందుకు మందు లేకపోలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఎరిక్ మజూరును అతని సహచరులును 2004లో ఒక పరిశోధన ప్రకటించిరి. తరగతిలో ఉపాధ్యాయుడు ప్రయోగము చేసి చూపగా ఊరక చూచిన విద్యార్థులకు, అసలు చూడనివారికంటె ఆ విషయము మెరుగుగా అర్థమైనట్లు కనబడలేదు. చూచుటకు ముందు "ఏమి జరుగును?" అని ఊహించి చెప్పినవారికి మాత్రము మేలు జరిగినది. దానికి పట్టిన అదనపు కాలము కొలది నిమిషములే. ప్రయోగమున కన్వయించునది దాని బొమ్మకు అన్వయింపదనుటకు నాకు కారణము తోచదు.

ఇప్పుడు పరీక్షలకు ముందురాత్రి జరుగుచున్నదేమి? అధ్యాయమంతటిని ఒక్క గంటలో చుట్టబెట్టు వీడియోను రెట్టింపు వేగముతో నడిపి, పరుండుచున్నారు. ఆపగల సౌకర్యమును యంత్రమిచ్చినది, ఆపు అలవాటును మాత్రము ఎవ్వరును నేర్పలేదు. అమెరికాలో 2018లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, గిన్నెలు కదలకుండ బల్లమీది గుడ్డను లాగివేయు వీడియోను ఒక్కమారు చూచినవారికంటె ఇరువదిమార్లు చూచినవారికి తామును ఆ పని చేయగలమను ధైర్యము హెచ్చినది. బాణపు ముల్లును గురికి విసరుట వంటి పనులలో నిజముగా పరీక్షించి చూడగా ఆ ధైర్యమునకు తగిన నేర్పు కనబడలేదు. లెక్కను ఇతరుడు చేయుచుండగా చూచి తల యూపు విద్యార్థి స్థితియు ఇంతే.

నలుబదియైదు నిమిషముల పీరియడులో ఉపాధ్యాయుడు దీనిని సులభముగానే చక్కదిద్దవచ్చును. వీడియోను ముందుగా తాను చూడవలెను. మూడు చోట్ల ఆపదలచి, ఆ నిమిషములను చీటీపై వ్రాసికొనవలెను. బంతిని నిజముగానే ఒకమారు ఎగురవేసి, బలము ఎటువైపు పనిచేయుచున్నదో బాణపుగుర్తుతో గీయుడని చెప్పి, పిల్లలందరు నోటు పుస్తకములో గీసిన పిదపనే తెరను వెలిగింపవలెను. పైకి గీసినవారెందరు, క్రిందికి గీసినవారెందరు అని చేతులెత్తించి ఆ లెక్కను నల్లబల్లపై ఒక మూల ఉంచినచో, వీడియో నడచుచున్నంతసేపు పిల్లల కన్నులు ఆ మూలకును తెరకును మధ్య తిరుగుచునే యుండును. ఇంటియొద్ద ఒంటరిగా చూచు విద్యార్థికి ఉపాధ్యాయుడు ఎదుట నుండడు గనుక, ముందునాడే ఒక్క ప్రశ్న ఇచ్చి పంపవలెను. ఇంటిలో ఒకే ఫోను ఉండి, అది రాత్రి తండ్రి వచ్చినగాని అందని పిల్లలకు, ఆ ప్రశ్న సాయంకాలమంతయు తోడుగా నుండును. తప్పుగా గీసిన బాణమును రబ్బరుతో చెరుపనీయరాదు. దాని ప్రక్కనే సరియైనదానిని వేరొక రంగు సిరాతో గీయించి, రెంటి క్రిందను తేదీ వేయించిన చాలును.