భయపెట్టే వెలుగు

కొన్నేళ్ల క్రితం క్రిస్మస్ కూటాల్లో మా సంఘ యౌవనస్థులు ధనవంతుడు, లాజరుల కథను నాటకంగా వేశారు. నరకం సన్నివేశానికి లైట్లన్నీ ఆర్పి, వేదిక అంచున నేలమీద ఎర్ర బల్బులు పెట్టారు. వెనక తెరమీద ధనవంతుడి నీడ భయంకరంగా లేచింది. జనం బిగుసుకుపోయారు. మేమూ మెచ్చుకున్నాం.

మర్నాడు ఒక తల్లి వచ్చింది. "అయ్యగారూ, మా బాబు రాత్రంతా నిద్రపోలేదండీ. దేవుడు నన్నూ అక్కడికి పంపుతాడా అని ఒకటే ఏడుపు" అంది. ఏం చెప్పాలో మాకు తోచలేదు.

నిజానికి ఆ బిడ్డను భయపెట్టింది వాక్యం కాదు, బల్బు పెట్టిన చోటు. వెలుగు పైనుంచి పడటం మన కళ్లకు అలవాటు. కింది నుంచి పడితే ముక్కు నీడ, కనుబొమల నీడ పైకి పాకి, తెలిసిన ముఖమే వికృతంగా కనిపిస్తుంది. అమెరికాలోనూ కొన్ని చర్చీలు హాలోవీన్ రోజుల్లో 'హెల్ హౌస్' పేరిట ఇలాంటి దృశ్యాలు చూపి మారుమనస్సుకు పిలుస్తుంటాయి. 2001లో వాటి మీద ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

వెలుగుతో భయపెట్టడం బైబిలులో లేదా? ఉంది. గిద్యోను మనుషులు 300 మంది కుండల్లో దాచిన దివిటీలను అర్ధరాత్రి ఒక్కసారిగా బయటపెట్టి మిద్యానీయులను పరుగెత్తించారు. కానీ అది శత్రువును తరమడానికి, బిడ్డలను పిలవడానికి కాదు. బేత్లెహేము పొలంలో మహిమ ప్రకాశించినప్పుడు కాపరులు వణికిపోయారు. దూత ముందుగా చేసిన పని వారి భయం తీర్చడమే.

తీర్పు ఉందని వాక్యం చెబుతోంది. దాన్ని మేము దాచం. అయితే లూకా 16వ అధ్యాయాన్ని చివరిదాకా చదవండి. చనిపోయినవాడిని పంపి తన సోదరులను హెచ్చరించమని ధనవంతుడు బతిమాలతాడు. అబ్రాహాము ఒప్పుకోడు. వారికి మోషే, ప్రవక్తల మాటలు చాలంటాడు. ఆ కథే నిరాకరించిన అద్భుత దృశ్యాన్ని మేము ఆ కథ పేరుతోనే ప్రదర్శించాం!

మరుసటి ఏడాది అదే నాటకం మళ్లీ వేశాం. ఎర్ర బల్బులు తీసేసి, ఒక్క తెల్లని దీపాన్ని పైనుంచి వాకిట్లో పడివున్న లాజరు మీద పెట్టించాం. ధనవంతుడు రోజూ దాటిపోయిన మనిషి ఆ రాత్రి అందరికీ కనిపించాడు.

ప్రియులారా, ఎర్ర బల్బు ఆరగానే దాని భయమూ ఆరిపోతుంది. మన వాకిట ఉన్న లాజరును చూపించే వెలుగు కోసం ప్రార్థిద్దాం.