కూర్చోడానికో కుర్సీ

మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద ఓ చాయ్ కౌంటర్ దగ్గర నేనూ మా దోస్తూ నిలబడి ఉన్నాం. వాడికి రెండు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో చెప్పలేదు. ఆ సంగతి మొదలుపెట్టాడో లేదో, చాయ్ అయిపోయింది. వెనకున్నవాళ్లు "జర జరగండి భయ్యా" అన్నారు. హాస్టల్‌కి పోదామంటే ఫోర్ షేరింగ్ రూమ్. మాట అక్కడే ఆగిపోయింది.

అక్కణ్నుంచి ఎల్బీ నగర్ దాకా నడిచి చూడండి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, షోరూమ్‌లు, టిఫిన్ బండ్లు అన్నీ ఉన్నాయి. ఒక్క చాయ్‌కి గంటసేపు కూర్చోనిచ్చే చోటు మాత్రం నాకైతే కనబడలేదు.

ఆదివారం వాణ్ని మెట్రోలో నాంపల్లి తీసుకెళ్లి, అక్కణ్నుంచి ఆబిడ్స్ గ్రాండ్ హోటల్‌కి నడిపించా. 1935 నాటి ఇరానీ హోటల్ అది. అసలు పాత ఇరానీ హోటళ్ల ప్లాన్ ఎప్పుడైనా గమనించారా? ఎక్కువగా రోడ్డు మూల మీద, రెండువైపులా తెరిచి ఉంటాయి. ఎవరైనా మొహమాటం లేకుండా లోపలికి రావచ్చు. ఎత్తైన కప్పు వల్ల వేడి పైకి పోతుంది. పాలరాతి టేబుల్ ఒక్క తుడుపుతో శుభ్రం. గోడ అద్దాలతో చిన్న హాలు కూడా పెద్దగా కనిపిస్తుంది, గల్లా దగ్గర కూర్చున్న సేఠ్‌కి అన్ని టేబుళ్లూ కనబడతాయి. ఇవన్నీ మనిషిని కాసేపు కూర్చోబెట్టడానికి పనికొచ్చే ఏర్పాట్లే.

ఇంగ్లండ్ పల్లెల్లో పాత పబ్‌ల పని కూడా ఇదే. కిందికి వంగిన చెక్క దూలాలు, చలిమంట, దాని చుట్టూ బల్లలు. వాటి విలువ ఊరివాళ్లకి తెలుసు. 2011 లోకలిజం చట్టం ప్రకారం తమ పబ్‌ని సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. ఓనర్ అమ్మకానికి పెడితే, డబ్బు కూడబెట్టి బేరానికి రావడానికి వాళ్లకి ఆరు నెలల గడువు దొరుకుతుంది.

మనకి హెరిటేజ్ అనగానే చార్మినార్, గోల్కొండే గుర్తొస్తాయి. వాటిని కాపాడాల్సిందే. కానీ మామూలు జనం రోజూ కూర్చునే హాలు కూడా ఈ ఊరి చరిత్రే కదా! రేపు మనలోనే కొందరు బిల్డింగులు గీస్తారు, మెట్రో స్టేషన్లు కడతారు. ఆ డ్రాయింగుల్లో నాలుగు బెంచీలకి చోటు పెట్టండి. అప్పటిదాకా, కనీసం మన కాలేజీ క్యాంటీన్‌లో తీసేసిన కుర్చీలు మళ్లీ వేయమని అడుగుదాం.

అన్నట్టు, ఆ ఆదివారం రెండో చాయ్ వచ్చేసరికి మా వాడు ఇంటికి ఫోన్ చేశాడు.