చాకిరీ తగ్గలేదు, చేతులు మారింది

పేజీని సర్వర్‌లో తయారుచేసి పంపడం పాత పద్ధతి, ముడి డేటాను జేసన్‌గా పంపేస్తే బ్రౌజరే టెంప్లేట్‌లో నింపుకుంటుంది, అదే ఆధునికం. ఈ నమ్మకం సాఫ్ట్‌వేర్ వర్గాల్లో పదిహేనేళ్లుగా పాతుకుపోయింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో నేరుగా బ్రౌజర్‌లో పేజీ కట్టే రియాక్ట్ లైబ్రరీతో వెబ్ చదువు మొదలుపెట్టిన కుర్రాడికి రెండో దారి ఒకటుందని చెప్పేవాళ్లు తక్కువ.

ట్విటర్‌కు ఆ రెండో దారి విలువ అనుభవం మీద తెలిసింది. 2010 సెప్టెంబరులో వచ్చిన 'కొత్త ట్విటర్' పేజీ తయారీని బ్రౌజర్‌కు అప్పగించింది. చిరునామాల్లో హ్యాష్ గుర్తు, దాని పక్కనే ఆశ్చర్యార్థకం వచ్చి చేరాయి. హ్యాష్ తర్వాత ఏముందో బ్రౌజర్ సర్వర్‌కు చెప్పదు. కాబట్టి ఎవరైనా ఒక ట్వీట్ లింకు నొక్కితే మొదట ఖాళీ చట్రం వచ్చేది. తర్వాత జావాస్క్రిప్ట్ దిగేది. అది నడిచాక గానీ ఏ ట్వీట్ కావాలో తేలేది కాదు. అప్పుడు మళ్లీ సర్వర్‌కు కబురు. 140 అక్షరాలు చదవడానికి ఇంత తతంగం! 2012 మే నెలలో ట్విటర్ ఇంజినీర్లు పేజీ తయారీని తిరిగి సర్వర్‌కు తెచ్చారు. మొదటి ట్వీట్ కంటికి కనబడటానికి ఎంతసేపు పడుతుందన్నదే వాళ్లు పెట్టుకున్న కొలత. తొలి పేజీ తెరుచుకునే సమయం అంతకుముందున్న దాంట్లో ఐదో వంతుకు దిగింది.

అదే పద్ధతికి మారిన గాకర్ వార్తా సంస్థకు పాఠం ఇంకా ముందే అందింది. 2011 ఫిబ్రవరిలో ఒక స్క్రిప్ట్ మొరాయించేసరికి లైఫ్‌హ్యాకర్ సహా ఆ సంస్థ సైట్లన్నీ వార్తల్లేని ఖాళీ చట్రాలై కూర్చున్నాయి.

అవతలి పక్షం వాదనల్లో గట్టిది లింక్డ్‌ఇన్‌ది. ఆ సంస్థలో కొన్ని బృందాలు జేఎస్‌పీలో, కొన్ని గ్రెయిల్స్‌లో, మరికొన్ని జేరూబీలో పేజీలు రాసేవి. అన్ని పేజీల్లోనూ కనిపించాల్సిన ఒకే ముక్కను ఒక్కో చోట ఒక్కో భాషలో రాయాలి. 2011లో వాళ్లు డస్ట్ అనే జావాస్క్రిప్ట్ టెంప్లేట్లకు మారి ఈ బాధ వదిలించుకున్నారు. టెంప్లేట్ ఒకసారి దిగితే బ్రౌజర్‌లోనే నిల్వ ఉంటుంది, ఆపైన వెళ్లేది డేటా ఒక్కటే కాబట్టి బ్యాండ్‌విడ్త్ కూడా ఆదా అన్నారు.

మొదటి మాట నిజం. కానీ అక్కడ రోగం భాషలు ఎక్కువ కావడం, పేజీ సర్వర్‌లో తయారవడం కాదు. సెర్చ్ ఇంజిన్ల కోసం ఆ డస్ట్ టెంప్లేట్లనే సర్వర్ మీద కూడా నడిపే ఏర్పాటు లింక్డ్‌ఇనే చేసుకోవాల్సి వచ్చింది. ఇక ఆదా సంగతి. పదేపదే వచ్చే హెచ్‌టీఎంఎల్ ట్యాగులను జీజిప్ ఎలాగూ నలిపి చిన్నది చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన లింకు పట్టుకుని మొదటిసారి సైట్‌కు వచ్చినవాడి ఫోన్‌లో నిల్వ ఉన్న టెంప్లేట్ ఏదీ ఉండదు. వాడు డేటాతో పాటు టెంప్లేట్‌నూ, దాన్ని నడిపే లైబ్రరీనీ దించుకోవాల్సిందే.

దించుకుంటే సరిపోదు, ఆ కోడ్‌ను ఫోన్ చదివి, కంపైల్ చేసి, నడపాలి. కంపెనీ తన సర్వర్ శక్తిని కొలిచి కొనుక్కుంటుంది. చదివేవాడి చేతిలో ఏ ఫోన్ ఉందో దానికి తెలియదు. 2017లో వచ్చిన జియోఫోన్‌లో ర్యామ్ 512 ఎంబీ. సర్వర్ బిల్లు తగ్గిందని చంకలు గుద్దుకునే మేనేజరుకు ఆ ఫోన్ బ్యాటరీ బిల్లు ఎవరూ పంపరు.

జావాస్క్రిప్ట్ ఆపుకుని తిరిగేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారని ఇంకో ప్రశ్న. 2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ ఈ లెక్క తీసింది. తమ సైట్‌కు వచ్చినవాళ్లలో 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ సదుపాయాలు అందలేదు. అందులో దాన్ని ఆపుకున్నవాళ్లూ, అది నడవని బ్రౌజర్లవాళ్లూ కలిసి 0.2 శాతమే. తక్కిన 0.9 శాతం మంది బ్రౌజర్లలో అది నడవాలి, కానీ నడవలేదు. నెట్ మధ్యలో తెగినా, ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుకున్నా అంతే.

జీమెయిల్, గూగుల్ మ్యాప్స్ లాంటివాటి జోలికి ఎవరూ పోవడం లేదు. ఒకసారి తెరిచి గంటల తరబడి పనిచేసుకునే చోట బ్రౌజర్‌లో పేజీ కట్టడం సబబే. గొడవంతా వార్తకూ, పరీక్షా ఫలితాలకూ, దరఖాస్తు ఫారానికీ అదే వైద్యం చేయడం మీద. 2017లో నెట్‌ఫ్లిక్స్ లాగిన్ కానివాళ్లకు చూపే తన ముఖ పేజీలో రియాక్ట్‌ను సర్వర్‌కే పరిమితం చేసి, బ్రౌజర్‌లో నడపడం మానేసింది. జావాస్క్రిప్ట్ 200 కేబీ తగ్గింది, పేజీ వాడకానికి సిద్ధమయ్యే సమయం సగమైంది.

2020 డిసెంబరులో రియాక్ట్ బృందమే పేజీ ముక్కలను సర్వర్‌లోనే తయారుచేసే సర్వర్ కాంపొనెంట్లను ప్రకటించింది. అయినా చాలా సైట్లలో ఈ తిరుగు ప్రయాణం సగంలోనే ఆగింది. సర్వర్ పూర్తి పేజీని పంపుతుంది. బ్రౌజర్‌లోని రియాక్ట్ దాన్ని మళ్లీ తన అదుపులోకి తెచ్చుకోవడానికి అదే వ్యాసం పాఠం పేజీ అడుగున జేసన్‌గా రెండోసారి వస్తుంది. డేటా ఖర్చు రెండుసార్లూ పాఠకుడిదే.