పోయడమా, పెట్టడమా?

పశువుకు మేత వేస్తాము. చెట్టుకు నీరు పోస్తాము. చంటిబిడ్డకు పాలు పడతాము. గడప తొక్కిన మనిషికి అన్నం పెడతాము. ఇచ్చేది ఆహారమే అయినా, అందుకొనే ప్రాణిని బట్టి తెలుగులో క్రియ మారుతుంది. ఏండ్ల తరబడి ఈ సొగసును విద్యార్థులకు పాఠంగా చెప్పుతూ వచ్చిన నాకు, నిరుడు మా అక్కగారి మంచం పక్కన కూర్చున్ననాడు ఏ క్రియ వాడవలెనో తోచలేదు.

మాది ఉప్పునుంతల. అక్కగారు కొడుకు ఇంట ఆ ఊరిలోనే ఉంటారు. పక్షవాతం వచ్చిన పిదప ఆమెకు మాట కొంత తిరిగి వచ్చినది గాని, మింగే శక్తి రాలేదు. గుక్కెడు నీళ్లు తాగినా పొలమారి ఊపిరితిత్తులలోకి పోయేవి. ముక్కు గుండా వేసిన గొట్టంతో కొన్ని వారాలు గడిచినవి. తరువాత హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో కడుపు మీద చిన్న రంధ్రం చేసి, నేరుగా జీర్ణాశయంలోకి గొట్టం అమర్చినారు. వైద్యులు దీనిని గ్యాస్ట్రోస్టమీ అంటారు.

ఈ విద్య ఒక్కనాటిది కాదు. 1849లో ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు నగరంలో సెదియో అనే శస్త్రవైద్యుడు మొదట దీనిని ప్రయత్నించినాడు, రోగి దక్కలేదు. 1876లో పారిసులో వెర్నెయ్ చేసినది ఫలించినది. అయినా చాలకాలం కడుపు కోసి గాని గొట్టం అమర్చడం సాధ్యపడలేదు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండులో గాడరర్, పాన్‌స్కీ అనే వైద్యులిద్దరు నోటి గుండా ఎండోస్కోపును పంపి, పెద్ద కోత లేకుండా గొట్టం వేసే మార్గం కనిపెట్టినారు. వారి తొలి రోగి ఒక పసిబిడ్డ. ఈనాడు మన నగరాలలో జరుగుచున్నది చాలవరకు ఆ పద్ధతియే.

వైద్యుని చేతికి నూట ముప్పై ఏండ్లలో అబ్బిన విద్య ఇది. దాని మిగిలిన సగాన్ని, అనగా రోజుకు ఐదారు మార్లు ఆ గొట్టంతో ఆహారం ఇచ్చి, శుభ్రపరచి, కాపాడే సగాన్ని, మా మేనల్లుని భార్యకు పది నిమిషాలలో అప్పగించినారు. చేతిలో ఇంగ్లీషు కాగితం ఒకటి పెట్టి ఇంటికి పంపినారు. ఆ అమ్మాయి పదవ తరగతి వరకు చదువుకొన్నది. తెలివికి లోటు లేదు. లోటు నేర్పిన వారిలో ఉన్నది.

మూడవ వారంలో మాత్రను పలుకులు పలుకులుగా నూరి రాగి జావలో కలిపి పోసినందున గొట్టం మూసుకొనిపోయినది. గోరువెచ్చని నీటిని మెల్లగా ఎక్కిస్తూ, లాగుతూ ఎట్లో గట్టెక్కినాము. రెండవ నెలలో ఒక రాత్రి దుప్పటిలో చిక్కుకొని గొట్టమే ఊడివచ్చినది. పెద్దగా రక్తం రాలేదు, నొప్పి అనలేదు. తెల్లవారిన తరువాత పోదామని అందరూ అనుకొన్నారు. సుమారు నూరు కిలోమీటర్లు పోయి నగరం చేరేసరికి ఆ దారి పూడిపోయినది. అక్కగారు మళ్లీ ఆ బల్ల ఎక్కవలసి వచ్చినది. గొట్టం ఊడితే కొన్ని గంటలలోనే రంధ్రం మూసుకొనిపోవచ్చునని, ఇంటిలో ఎవరూ దానిని తిరిగి దూర్చరాదని, శుభ్రమైన గుడ్డ కప్పి ఆ క్షణమే బయలుదేరవలెనని ఆ ఇంగ్లీషు కాగితంలో ఉన్నది. కాగితంలో ఉన్నది గాని ఇంటిలో ఎవరికీ తెలియదు.

రెండవసారి ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఉండినది. ఆమె తాను చేసి చూపి ఊరకొనలేదు. "ఇప్పుడు నువ్వు చెయ్యమ్మా" అన్నది. తప్పు చేస్తే దిద్దినది. మరల చేయించినది. అక్షరాభ్యాసంలో చేయి పట్టి దిద్దించడమెట్లో ఇదీ అట్లే. ఆ రెండు దినాలలో మా కోడలు నేర్చినది వ్రాస్తే ఒక పుటకు మించదు. అయినా ఆ పుట మీదనే ఒక ప్రాణం ఆధారపడి ఉన్నది.

మొదట చేతులు సబ్బుతో కడుగుకొంటుంది. అక్కగారిని దిండ్లు ఆనించి సగం కూర్చోబెడుతుంది. ఆహారం ముగిసిన తరువాత కూడా గంటసేపు పడుకోనీయదు. చర్మం వద్ద గొట్టం మీది సెంటీమీటరు అంకె నిన్నటిదేనా అని చూస్తుంది; మారినదంటే గొట్టం జరిగినదన్న మాట. ముప్పై మిల్లీలీటర్ల నీరు ముందు, అంతే నీరు వెనుక. నడుమ, గుడ్డలో వడకట్టిన ఆహారం. సిరంజిలోని కడ్డీ తీసివేసి, గొట్టానికి తగిలించి ఎత్తి పట్టుకొంటే అది తన బరువుతో తాను దిగుతుంది; తోయనక్కర లేదు. మందులను ఆహారంలో కలుపదు. ఒక్కొక్కటి మెత్తగా నూరి, నీటిలో కరగించి, వేరువేరుగా ఇస్తుంది. నూరరాని మాత్రలు కొన్ని ఉంటవని, ముందుగా అడుగవలెనని ఇప్పుడు ఆమెకు తెలుసు. గొట్టం చుట్టూ చర్మాన్ని దినమూ సబ్బు నీటితో కడిగి పొడిగా తుడుస్తుంది. ఎరుపు, చీము, కారుట, జ్వరం కనిపిస్తే వైద్యునికి కబురు పోతుంది. నోటితో తినకపోయినా పండ్లు, నాలుక శుభ్రం చేయడం మానదు. పాలమూరు ఎండలో జావ ఎంతసేపు నిలుస్తుందో తెలిసినది గనుక మిగిలినది పారబోస్తుంది. ఉత్త గంజితో కడుపు నిండునే గాని పుష్టి రాదని పప్పు, పాలు, గుడ్డు ఏ పాలున కలుపవలెనో ఆసుపత్రి వారినే అడిగి వ్రాయించుకొన్నది.

గొట్టం అందరికీ తగినదని నేననను. మతిమరుపు వ్యాధి బాగా ముదిరిన వృద్ధులకు గొట్టం కంటె ఓపికగా చేతితో తినిపించడమే మేలని అమెరికాలోని వృద్ధ వైద్యుల సంఘం 2014లో చెప్పినది. ఎవరికి వేయవలెనో, ఎవరికి వలదో వైద్యుడు, రోగి, ఇంటివారు కూర్చుండి తేల్చుకోవలసిన విషయం. కాని వేసిన తరువాత మాత్రం సందేహానికి తావు లేదు. గొట్టం వేసిన వారు ఆ చేతి పనిని కూడా నేర్పి తీరవలెను. ఇంటి మనిషి నర్సు ఎదుట తన చేతితో రెండు మార్లయినా తప్పు లేకుండా చేసి చూపనిదే రోగిని ఇంటికి పంపరాదు. తెలుగులో, బొమ్మలతో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం ఇవ్వవలెను. దాని మొదటి పంక్తి గొట్టం ఊడితే ఏమి చేయవలెనన్నదే కావలెను.

ఖర్చు సంగతి చెప్పి తప్పించుకొనే వీలు లేదు. ఈ నేర్పుకు కావలసినది ఒక గంట కాలము, ఒక మనిషి ఓర్పు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలుత ఎన్నుకొన్న మూడు జిల్లాలలో మా పాత మహబూబ్‌నగరు ఒకటి. పేదవానికి పెద్దాసుపత్రి తలుపు తెరిచినది ఆ పథకం. కాని బల్ల మీది గంట గడిచిన తరువాత మంచం మీది సంవత్సరాలు ఉన్నవి. 2022లో నాగర్‌కర్నూలుకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. ఊరూర ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఈ గొట్టం సంరక్షణ తెలిసిన ఒక్క నర్సు ఆ దాపున ఉండి, అర్ధరాత్రి ఫోను చేస్తే పలికినట్లయితే, మా అక్కగారు రెండవసారి బల్ల ఎక్కి ఉండరు. ఆరోగ్యశ్రీకి మొదట నోచుకొన్న పాలమూరు ఈ ఏర్పాటుకు కూడా మొదటిదైతే ఎంత బాగుండును!

మిగిలినది ఊరివారితో చెప్పవలసిన మాట. పొరుగున ఉన్న ముసలమ్మ ఒకతె చూడవచ్చి, సిరంజి వంక చూసి, "గొట్టంల పోస్తున్నవా బిడ్డా? గిదేం తిండి, గింత గోస ఎందుకు?" అన్నది. కోడలు చేయి కదల్చకుండానే, "పోస్తలేను పెద్దమ్మా, మా అత్తమ్మకు అన్నం పెడుతున్న" అన్నది. అక్కగారు కళ్లు విప్పి కోడలి వైపు చూసినారు. నాకు తోచని క్రియ ఆ పిల్లకు తోచినది.

అయితే ఆ ముసలమ్మ మాటను కూడా నేను పూర్తిగా కాదనను. ఎండాకాలంలో దారిన పోయే వానికి అంబలి పోస్తారు. దానిని ఎవరూ చిన్నతనం అనుకోరు. చావు అంచున ఉన్న వానిని బ్రతికిస్తే ప్రాణం పోసినారంటాము. మా మేనల్లుని ఇంటిలో రోజుకు ఐదారు మార్లు జరుగుచున్నది ఆ పోయడమే.