మనీలాకి రాయి పెదనాన్నా!

మా పెదనాన్న అమెరికాలో పద్నాలుగేళ్ళు కోడు కొట్టి, గ్రీన్‌కార్డు వదిలేసి వచ్చి, ఇప్పుడు మైపాడు దగ్గర మా ఊళ్ళో కొబ్బరిచెట్లకి నీళ్ళు పోసుకుంటున్నాడు. ఆ మధ్య ఫోను చేశాడు. "ఒరే అబ్బయ్యా, దొరలు పెన్షన్ ఆపేశార్రా. ఇప్పుడెట్టా?"

ఎట్టా అంటే నాకేం తెలుసు! తవ్వితే తేలిందేంటంటే, అమెరికా బయట ఉండి సోషల్ సెక్యూరిటీ తీసుకునేవాళ్ళకి ఏడాదికో రెండేళ్ళకో 7162 అనే ఫారం వస్తుంది. బతికే ఉన్నావా, అడ్రసు మారిందా, ఇలాంటి ప్రశ్నలు. నింపి పంపకపోతే డబ్బు ఆగుతుంది. మా ఆయన ఊరికి మకాం మార్చి ఆ ముక్క వాళ్ళకి చెప్పలేదు. కవరు హైదరాబాదు ఫ్లాట్‌కి వెళ్ళి, వాచ్‌మన్ గదిలో కరెంటు బిల్లుల కింద నిద్రపోయింది. తప్పు మనదే.

ఈలోగా నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక కన్సల్టెంటు పన్నెండు వేలు పుచ్చుకుని, ఆయన్ని రెండుసార్లు చెన్నై తిప్పాడు. పని కాలేదు. ఎలా అవుతుంది? ఇండియాలో ఉన్నవాళ్ళ సోషల్ సెక్యూరిటీ వ్యవహారాలు చూసేది ఫిలిప్పీన్స్‌లో, మనీలా అమెరికా ఎంబసీలో ఉన్న ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్. నమ్మండి, నేను మూడుసార్లు చదివి గానీ నమ్మలేదు. :) అక్కడికి రాసి, ఫారం పంపితే కొన్నాళ్ళకి బకాయిలతో సహా వచ్చాయి. అందులోనూ నూటికి 25.5 పన్ను కిందే కోసేస్తారు (అమెరికా పౌరుడు కాకుండా బయట ఉంటే అంతే).

సరే, ఇది నా కోపం కాదు. అసలు కోపం ఇక్కణ్ణుంచి.

ఈ కథ ఆఫీసులో చెబితే, ఆరేళ్ళు హెచ్1 మీద ఉండి తిరిగొచ్చిన మిత్రుడు, "మనకెలాగూ రాదులే మామా, గుళ్ళో హుండీలో వేశాననుకున్నా" అన్నాడు. ఎంత వేశావు నాయనా అనడిగితే తెలీదు! స్టాక్ ఆప్షన్లు పైసల్తో సహా లెక్క చెప్పేవాడికి పే స్టబ్‌లో ఆ లైను కనపడలేదు. నేనే లెక్కేశా. 90,000 డాలర్ల జీతం మీద 6.2 శాతం, ఏడాదికి 5,580. ఆరేళ్ళకి 33,480. కంపెనీ కట్టింది మళ్ళీ అంత. మెడికేర్ 1.45 శాతం వేరే. పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగుకి మించి రావు, అంటే కనీసం పదేళ్ళు. మనవాడికి 24 ఉన్నాయి. మళ్ళీ వెళ్ళి మిగతావి పూర్తిచేస్తే తప్ప రిటైరయ్యాక వచ్చేది సున్నా.

అదే జర్మనీ వెళ్ళుంటే? 2017 మే నుంచి ఒప్పందం అమల్లో ఉంది. అక్కడ కనీసం ఐదేళ్ళు కావాలి, తక్కువైతే ఇక్కడి సర్వీసు కలిపి లెక్కేస్తారు. బెల్జియంతో 2009 నుంచీ ఉంది. కొరియాతో ఉంది, జపాన్‌తో ఉంది. మనవాళ్ళు ఎక్కువగా పోయే అమెరికాతో మాత్రం లేదు. 2024 జనవరిలో ఢిల్లీలో జరిగిన వాణిజ్య సమావేశంలో కూడా ఈ మాట ఎత్తారు. ఎత్తడం మనకి కొత్త కాదు, దించేదే లేదు.

ఎందుకు లేదో తెలుసా? వాళ్ళ చట్టం ప్రకారం అవతలి దేశంలో జనానికంతటికీ వర్తించే పెన్షన్ ఏర్పాటుండాలి. మీ పీఎఫ్ కొందరికే కదా అన్నది వాళ్ళ వాదన. ఇది వినగానే మనవాళ్ళు "అమెరికా అన్యాయం" అని ఎగురుతారు. ఒక్కసారి మా ఊరొచ్చి చూడండి. రొయ్యల గుంటల్లో రాత్రిళ్ళు ఏరేటర్లు కాపలా కాసేవాడికి పీఎఫ్ ఉందా? వేటకి పోయే పడవలో పనివాడికి ఉందా? వాళ్ళకి ప్రభుత్వం నెలకి ఇచ్చే పెన్షన్ చూసి "మా పన్నులన్నీ ఉచితాలకే పోతున్నాయి" అని గ్రూపుల్లో మెసేజులు పెట్టేది మనమే. గుంట దగ్గర కూలీకి పెన్షన్ లేని దేశం కాబట్టే నీ 33 వేల డాలర్లకి దిక్కు లేదు బాసూ! ఆ లింకు మనకెప్పుడూ తట్టదు. గ్రీన్‌కార్డు క్యూ గురించి సంతకాలు సేకరిస్తాం, వీసా స్టాంపింగ్ ఆలస్యమైతే మంత్రులకి ట్వీట్లు కొడతాం, దీని గురించి మన తెలుగు సంఘాల సభల్లో సినిమా తారల కార్యక్రమానికిచ్చే టైములో పదోవంతు ఇచ్చినా చాలు. ఇవ్వరు. వచ్చినవాళ్ళు అడగరు కూడా.

"ముప్ఫైల్లో ఉన్నాం, పెన్షన్ గోల ఇప్పుడెందుకు" అంటారా? మా పెదనాన్న కూడా అప్పట్లో అదే అన్నాట్ట. పదేళ్ళు దాటడం ఆయన తెలివి కాదు, పెదనాన్న పిల్లల చదువులు అయ్యేదాకా ఆగాడంతే.

మొన్న ఒకటో తేదీ పొద్దున్నే పక్కింటి అవ్వకి నాలుగు వేలు ఇవ్వడానికి సచివాలయం అబ్బాయి గడపలోకొచ్చాడట. పెదనాన్న అతన్ని ఆపి, "అబ్బయ్యా, ఆ దొరల ఫారం కూడా నువ్వే తెచ్చియ్యకూడదంటయ్యా?" అనడిగాడట. కొత్త అడ్రసు మాత్రం ఈసారి మనీలాకి నేనే రాసి పంపించా.