కట్టేసిన విషం పోయినట్టు కాదు

నగరాల మురుగు శుద్ధి కేంద్రాల్లో మిగిలే బురదను ఎరువు పేరుతో చేలకు తోలడం కొత్త కాదు. అందులో నత్రజని, భాస్వరం ఉన్న మాట నిజమే. ఎరువుల ఖర్చు మోస్తున్న మనకు ఆశ పుట్టడమూ సహజమే. కానీ ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు ఒకే కాలువలో కలిసే చోట ఆ బురదలోకి కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ కూడా చేరతాయి. హైదరాబాదు మురుగు మోసే మూసీ కింద వరి, పారా గడ్డి, ఆకుకూరలు వేసే రైతులకు ఈ సంగతి మనం చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడుగా సేంద్రియ పదార్థాలు కలపమంటున్నారు. మాగిన పశువుల ఎరువు, కంపోస్టు, పత్తి కట్టెతోనో వరి ఊకతోనో చేసిన బయోచార్ కలిపితే లోహాలు వాటికి అంటుకుని వేళ్లకు తక్కువగా అందుతాయి. ఇది శాస్త్రం. మనం కాదనడం లేదు.

అయితే అంటుకోవడం వేరు, పోవడం వేరు. సేంద్రియ పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ తరుగుతుంది, లోహం తరగదు. నేలలో ఆమ్లం పెరిగితే కాడ్మియం, నికెల్ మళ్లీ కదులుతాయి. పైగా ఆకుకూరలు కాడ్మియాన్ని ఎక్కువగా లాగుతాయి.

ఒక లెక్క చూద్దాం. సిటీ కంపోస్టులో కిలోకు కాడ్మియం 5, క్రోమియం 50, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. సరిగ్గా ఆ హద్దులో ఉన్న ఎండు సరుకును ఎకరాకు 4 టన్నులు తోలితే 20 గ్రాముల కాడ్మియం చేనులో పడుతుంది. ఏటా తోలితే పదేళ్లకు 200 గ్రాములు. బురదలో సగానికి సగం మంచి కంపోస్టు కలిపితే రిపోర్టులో అంకె దాదాపు సగమవుతుంది. కానీ ఆ సరుకునే రెట్టింపు తోలితే నేలకు చేరే విషం మళ్లీ అంతే.

చేను చెడిందని మనకు తెలిసే దారి ఏది? సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలున్నాయి. వాటిలో కాడ్మియం లేదు, సీసం లేదు, క్రోమియం లేదు.

అందుకే మన సంఘం అడుగుతున్నది ఇది. ఫ్యాక్టరీల వ్యర్థజలాలు ఇళ్ల మురుగులో కలవకుండా మొదట్లోనే ఆపాలి. సిటీ కంపోస్టు హద్దులను బురద ఎరువుకూ తప్పనిసరి చేయాలి. ప్రతి లోడుకూ లోహాల పరీక్ష రిపోర్టు తెలుగులో ఇవ్వాలి. బురద తోలిన చేలలో మట్టిని ప్రభుత్వ ఖర్చుతో పరీక్షించాలి. సేంద్రియ ఎరువులు కలిపి బురదను బాగుచేసే పని, దాని ఖర్చు శుద్ధి కేంద్రానివే కావాలి, రైతువి కాకూడదు. భూయజమాని ఒప్పుకున్నా కౌలు రైతుకు చెప్పకుండా దించకూడదు.

అంతవరకూ ఊళ్లోకి బురద లారీ వస్తే ముందు రిపోర్టు అడగండి. చూపించకపోతే దించనివ్వకండి. ఆ రోజే గ్రామ కమిటీకి తెలియజేయండి.