‘అన్నీ చేసుకుంటుంది సార్’

చింతకాయ తొక్కు నూరే పద్ధతి ఈ వారం రాస్తానని మాట ఇచ్చాను. కాయలు కూడా తెప్పించి పెట్టాను. కానీ ఈలోగా ఒక సోదరి దగ్గర నుండి ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు, రెండు చోట్ల సిరా అలుక్కుపోయి ఉంది. వాళ్ళ బాబుకు పదకొండేళ్ళట. పింఛనుకు మళ్ళీ పరీక్ష చేస్తే వైకల్యం శాతం నలభై లోపు వచ్చిందట. “మీ పాప గురించి ఒకసారి రాశారు కదా అక్కా, మీకెట్లా జరిగిందో చెప్పండి” అని అడిగింది. తొక్కుకేం తొందర? ఉప్పులో ఊరుతూనే ఉంటుంది. ఈ వారం ఆ సంగతే రాస్తాను.

మా చిన్నది పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. ఏడాది దాటినా మెడ సరిగ్గా నిలవలేదు, రెండేళ్ళకూ కూర్చోలేదు. “కొందరు పిల్లలు ఆలస్యంగా లేస్తారులేమ్మా, మీ ఆయన కూడా అంతే” అని మా అత్త ధైర్యం చెప్పేది. నేనూ అదే నమ్మాలనుకున్నాను. పెద్దతిప్పసముద్రం నుండి బి.కొత్తకోట మీదుగా మదనపల్లెకు బస్సులో తీసుకుపోయి చూపించిన రోజున డాక్టరుగారు ‘సెరెబ్రల్ పాల్సీ’ అన్నారు. ఇంటర్ చదివినదాన్నే అయినా ఆ మాట నాకు కొత్త. పుట్టుక సమయంలో మెదడుకు దెబ్బ తగిలింది, అది పెరగదు, తగ్గదు, కానీ వ్యాయామం చేయిస్తే పిల్ల బాగుపడుతుంది అని ఆయన విడమరిచి చెప్పాక గానీ అర్థం కాలేదు.

ఈ పిల్లలకు పేర్లకు మాత్రం కొదవ లేదండీ. నా చిన్నప్పుడు వికలాంగులు అనేవారు. తర్వాత దివ్యాంగులు అన్నారు. మన రాష్ట్రంలో శాఖ పేరు ‘విభిన్న ప్రతిభావంతులు’. మా వీధిలో మాత్రం ఇప్పటికీ “ఆ కాళ్ళు రాని పాప” అనే అంటారు. నేనేమీ అనుకోను. పేరు మార్చినవాళ్ళు బస్సు మెట్టు కూడా కాస్త కిందికి దించి ఉంటే బాగుండేది అనిపిస్తుంది, అంతే. 2025 ఆగస్టు 15 నుండి మన ఆడవాళ్ళకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్టు లేదు, సంతోషమే. కానీ ఆ మొదటి మెట్టు మీదికి మా పాపను ఎక్కించాలంటే ఇప్పటికీ కింద నుండి నేను ఎత్తాలి, పైనుండి కండక్టరు చెయ్యి పట్టుకోవాలి.

పాపకు నడక రావడానికి రెండు చోట్ల సాయం దొరికింది. ఒకటి మండలంలో ఉండే భవిత కేంద్రం. సమగ్ర శిక్ష కింద నడుస్తాయి ఇవి. ప్రత్యేకంగా శిక్షణ పొందిన టీచర్లుంటారు, వారంలో ఒక రోజు ఫిజియోథెరపీ చేసేవారు వస్తారు. రాలేని పిల్లల ఇంటికే టీచరు వెళ్ళి చెప్పే ఏర్పాటు కూడా ఉంది. రెండోది తిరుపతిలో టి.టి.డి. వారి బర్డ్ ఆసుపత్రి. 1985లో పెట్టారు దాన్ని. మొదట్లో పోలియో పిల్లలు ఎక్కువగా వచ్చేవారట. మా చిన్నాయన కొడుకు అట్లా వెళ్ళినవాడే. 1995లో పల్స్ పోలియో మొదలైంది, 2011 జనవరి తర్వాత దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చే పోలియో కేసు ఒక్కటీ రాలేదు. ఇప్పుడు మా పాపలాంటి పిల్లల్నీ అక్కడ చూస్తారు. ఎనిమిదో ఏట మా పాప మడమ దగ్గర ఆపరేషను అక్కడే జరిగింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు పొద్దున ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట కాళ్ళు సాగదీశాను. అన్నం కుక్కరు మీద పెట్టి, అది కూతలు వేసే లోపల ఎడమ కాలు, పప్పు ఉడికేలోపు కుడి కాలు. పదో ఏట గోడ పట్టుకోకుండా వాకిలి నుండి తులసి కోట దాకా నడిచింది. ఆ రోజు మా ఆయన టమాటాల బండి వదిలేసి వచ్చి చూశారు.

ఇప్పుడు శాతం సంగతి. నాలుగేళ్ళప్పుడు పాపకు సదరం సర్టిఫికెట్టు ఇచ్చారు. కాళ్ళ వైకల్యం కింద అరవై శాతం. నలభై దాటితే పింఛను. అది 2024 జూలైలో మూడు వేల నుండి ఆరు వేలు అయింది, ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికే తెచ్చి ఇస్తారు. పాప బూట్లు, తిరుపతి ఖర్చులు, టమాటా ధర పడిపోయిన నెలల్లో మా ఇంటి బియ్యం కూడా అందులోనే అని దాచకుండా చెబుతాను.

2025 మొదట్లో సర్టిఫికెట్లన్నీ మళ్ళీ పరీక్షిస్తామని ప్రభుత్వం మొదలుపెట్టింది. నిజంగానే లేని వైకల్యానికి కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు, మనకు తెలియనిది కాదు. కాబట్టి పరీక్ష తప్పని నేననను. మమ్మల్నీ ఒక పట్నం ఆసుపత్రికి రమ్మన్నారు. ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను వినండి.

పాపకు తలంటి పోసి, రెండు జడలు వేసి, దసరాకు కొన్న లంగా ఓణీ వేసి తీసుకుపోయాను. నలుగురిలోకి పోతున్నాం, పిల్ల బాగా కనబడాలి కదా అని. లోపలికి పిలిచారు. బయట క్యూ చూస్తే వంద మంది ఉన్నారు. డాక్టరుగారు “నడువమ్మా” అన్నారు. నడిచింది. నాకేమో ఒళ్ళు పులకరించింది, ఇన్నేళ్ళ కష్టం ఆయన చూస్తున్నారని. “ఇంకేమైనా ఇబ్బంది ఉందామ్మా, తిండీ బట్టా అన్నీ తానే చూసుకుంటుందా?” అని అడిగారు. నేను తలెత్తి, “అన్నీ చేసుకుంటుంది సార్” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. పదిహేడేళ్ళుగా పెళ్ళిళ్ళలో, పేరంటాళ్ళలో, బస్సుల్లో అడిగిన ప్రతివాళ్ళకూ అదే జవాబు చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయింది. “పాపం” అని ఎవరైనా అంటారేమోనని ముందే అడ్డం వేసే మాట అది. డాక్టరు దగ్గరా అదే వచ్చేసింది.

ఆగస్టులో నోటీసు వచ్చింది. ముప్పై ఐదు శాతం. పింఛనుకు అర్హత లేదు. రాగిపిండి జల్లించుకుంటూ చదివాను, ఎన్నిసార్లు చదివినా అదే అంకె. మరునాడు నీళ్ళ దగ్గర ఒకావిడ, “ఏం వదినా, పాపకి బాగైపోయిందంట కదా, ఇంక పింఛను ల్యాదంట” అంది. ఎగతాళి చేసిందో, నిజంగా సంతోషించిందో చెప్పలేను. నడక నేర్పినందుకు జరిమానా వేసినట్టు అనిపించింది నాకు. ఆ పూట పాపకు వ్యాయామం చేయించలేదు. సాగదీస్తే ఇంకా బాగా నడుస్తుంది, ఇంకా తగ్గిస్తారు అన్న పాడు ఆలోచన వచ్చింది. తల్లికి రాకూడని ఆలోచన అది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

దారి చూపించింది భవిత టీచరమ్మే. “కాళ్ళకు ముప్పై ఐదు వేశారంటే అది తప్పు కాకపోవచ్చక్కా, పాప నడుస్తోంది కదా. మరి బుద్ధి మాంద్యం సంగతి ఎవరైనా చూశారా?” అని అడిగింది. ఎవరూ చూడలేదు. చూడమని నేనూ చెప్పలేదు. పైగా అన్నీ చేసుకుంటుందని చెప్పి ఆ తలుపు నేనే మూసి వచ్చాను. అప్పీలు పెట్టుకోమని, ఈసారి రెండూ పరీక్షించమని రాసి ఇవ్వమని ఆమే చెప్పింది. ఎం.పి.డి.ఓ. ఆఫీసులో ఇచ్చాం. అప్పీలు చేసుకున్నవాళ్ళకు ఇస్తామని ప్రభుత్వం అన్నట్టే మాకు సెప్టెంబరు పింఛను ఆగలేదు.

ఆ టీచరమ్మ ఇంకో పని చెప్పింది. అది మీకందరికీ పనికొస్తుంది, ఉత్తరం రాసిన సోదరికి మరీ ముఖ్యం. “వారం రోజులు, పాపకు మీరు చేసే ప్రతి పనీ రాసిపెట్టండి” అంది. నా దగ్గర పాల లెక్క పుస్తకం ఉంది. వెనక పేజీల్లో మొదలుపెట్టాను. అన్నం తానే తింటుంది, నిజమే. కానీ కలిపి ముద్దలు చేసి పెట్టేది నేను. సంగటి అయితే తుంచుకోలేదు. బట్టలు తానే వేసుకుంటుంది, కానీ లంగా నాడా ముడి నాది, హుక్కులు నావి. స్నానానికి నీళ్ళు తొరిపేది నేను, వేడి ఎంతో తెలియక ఒకసారి చెయ్యి కాల్చుకుంది. నెలసరి రోజుల్లో అంతా నేనే. అంగడికి పంపితే పది రూపాయల నోటుకూ వంద నోటుకూ తేడా తెలియదు. ఎవరు చేయి పట్టుకుని రమ్మన్నా వెంట పోతుంది. ఈ చివరిది రాసేటప్పుడు పెన్ను ఆగిపోయింది. ఏడో రోజుకు పదకొండు పేజీలయ్యాయి. ఇన్నాళ్ళూ ఇదంతా పని అని కూడా నాకు తెలియదు.

రెండో పరీక్షలో మనస్తత్వ నిపుణులు గంటసేపు కూర్చోబెట్టుకున్నారు. ఇందులో పిల్లను అడిగేదానికన్నా తల్లిని అడిగేదే ఎక్కువ. వయసుకు తగ్గ పనులు ఎన్ని చేయగలదో తల్లి చెప్పే జవాబుల మీద మార్కులు వేస్తారు, వైన్‌ల్యాండ్ కొలమానం అంటారట. మనం గొప్పకు పోయి ఎన్ని ఎక్కువ చెబితే పిల్లకు అంత నష్టం. ఆ మార్కు 55 నుండి 69 మధ్య ఉంటే వైకల్యం యాభై శాతం, 36 నుండి 54 అయితే డెబ్బై ఐదు, ఇంకా తగ్గితే తొంభై, నూరు. నేను పుస్తకం తీసి ఒక్కొక్కటే చదువుతుంటే పక్కనే కూర్చున్న పాప నా కొంగు లాగి, “అమ్మా, నాకు వస్తుంది కదా!” అంది. చదవలేకపోయాను. ఆమెగారు పాపకు బొమ్మలిచ్చి నర్సుతో పక్క గదిలోకి పంపారు. మీరు వెళితే మొదటే అడగండి, పిల్లల ముందు ఆ జాబితా చదవొద్దు.

పాపకు అక్కడ యాభై వచ్చింది. కాళ్ళకు ముప్పై ఐదు అలాగే ఉంది. రెండూ కూడితే ఎనభై ఐదు అనుకున్నారు మా ఆయన. అలా కూడరండీ. దానికో లెక్క ఉంది. పెద్ద అంకెను అలాగే ఉంచుతారు. తొంభైలో నుండి దాన్ని తీసేస్తే మిగిలిన దాంతో చిన్న అంకెను హెచ్చవేసి తొంభైతో భాగిస్తారు, వచ్చింది పెద్దదానికి కలుపుతారు. మాకు ముప్పై ఐదును నలభైతో హెచ్చవేసి తొంభైతో భాగిస్తే పదిహేనున్నర. యాభైకి కలిపితే అరవై ఆరు. మా ఇంట్లో క్యాలెండరు వెనక చేసిన ఈ లెక్కా, సర్టిఫికెట్టు మీద వచ్చిన అంకే ఒకటే. కాబట్టి మీ బిడ్డకు రెండు రకాల ఇబ్బందులుంటే రెండూ చూడమని అడగడం మరిచిపోకండి. ఒక్కొక్కటీ నలభై లోపున్నా, కలిస్తే దాటవచ్చు.

మిగతావి గబగబా చెబుతాను. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టం వచ్చాక ఇరవై ఒకటి అయ్యాయి. తలసీమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడికి గురైనవారు అందరూ అందులో ఉన్నారు. మన ఇళ్ళలో చాలామందికి తెలియక అడగడం లేదు. సదరం స్లాటు మీసేవలోనో సచివాలయంలోనో తీసుకోవాలి. దేశమంతా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు వేరే ఉంది, నలభై నుండి డెబ్బై తొమ్మిది శాతం వరకు పసుపు గీత, ఎనభై నుండి నీలం గీత. మా పాపది పసుపు. ‘నిరామయ’ అని ఒక ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, ఫిజియోథెరపీకి కూడా వర్తిస్తుంది. అది ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధి మాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకు మాత్రమే.

నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. వచ్చే వేసవికి పాపకు పద్దెనిమిది నిండుతాయి. అప్పటితో భవిత ఆగిపోతుంది. అంతకన్నా వింత, చట్టం దృష్టిలో ఆ రోజు నుండి నేను దానికి సంరక్షకురాలిని కాదు. బ్యాంకులో సంతకం కావాలన్నా, పొలంలో దాని వాటా రాయాలన్నా అది పెద్దమనిషి. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద, జిల్లా కలెక్టరు అధ్యక్షులుగా ఉండే కమిటీకి అర్జీ పెట్టుకుంటే తల్లిదండ్రులను సంరక్షకులుగా నియమిస్తారు. మా తర్వాత ఎవరు అన్నదానికి మాత్రం ఆ అర్జీలో గడి లేదు. మా పెద్దది బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది, “నేనున్నా కదమ్మా” అంటుంది. దానికీ రేపు పెళ్ళి, అత్తవారు. ఆ మాట మీద బరువు వేయాలంటే నాకు మనసు రావడం లేదు. మండలానికి ఒకటి చొప్పున, పెద్దయిన ఇలాంటి పిల్లలు పగలంతా ఉండి ఏదో ఒక పని నేర్చుకునే చోటు ప్రభుత్వం పెడితే, నా పింఛను సగం వదులుకోమన్నా వదులుకుంటాను.

పాల లెక్క పుస్తకంలో ఆ జాబితా ఇంకా రాస్తూనే ఉన్నాను, మళ్ళీ ఎప్పుడు పరీక్షకు పిలుస్తారో ఎవరికి తెలుసు! మొన్న ఆదివారం నేను పొయ్యి దగ్గర ఉంటే పాప వచ్చి నడుం చూపించింది. నాడా ముడి వేసుకుంది. వదులుగా, వంకరగా, కానీ ముడే. టీచరమ్మ రెండు నెలలుగా ఒక పాత తాడుతో నేర్పిస్తోందట, నాకు చెప్పొద్దని పాపతో ఒట్టు వేయించుకుంది. చేతులు తుడుచుకుని పుస్తకం తీశాను. ‘నాడా ముడి’ అన్న గీత ముందు పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. కొట్టేయాలా, ఉంచాలా అని.

కొట్టేశాను.

చింతకాయ తొక్కు వచ్చే వారం తప్పకుండా రాస్తాను. కాయలు పండుబారకముందే ఉప్పు, పసుపు వేసి దంచి జాడీలో పెట్టుకుని ఉండండి.